నీలం చీర, ఎర్ర అంచు

హెడ్ కానిస్టేబుల్ ధనంజయది పలమనేరు. అతనికి తెలిసిన నీళ్ళన్నీ బోరుబావిలోవే. ఎండలు ముదిరితే అవీ ఉండేవి కావు. అలాంటి మనిషి నలభై దాటాక బదిలీ కోరుకుంటూ, తిరుపతి జిల్లాలో ఎక్కడైనా సరే అని రాసిచ్చాడు. అలిపిరి చెక్‌పోస్టులోనో, బస్టాండు అవుట్‌పోస్టులోనో వేస్తారనీ, పొద్దున లేస్తే కొండ కనబడుతుందనీ అతని లెక్క. తల్లి దేవకమ్మ కూడా కొడుకు స్వామి పాదాల కాడికి పోతున్నాడని వీధంతా చెప్పుకుంది.

ఆ 'ఎక్కడైనా సరే' అన్న మాటే అతని కొంప ముంచింది. కొత్త జిల్లాకు సముద్రం కూడా ఉందన్న సంగతి ధనంజయకు తట్టలేదు. ఆర్డరు చేతికొచ్చాక చూసుకుంటే, వాకాడు దాటి, తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, తాటితోపుపాళెం మెరైన్ పోలీస్ స్టేషన్. కొండ కాదు కదా, కనుచూపు మేరలో చిన్న గుట్ట కూడా లేదు. ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం ట్యాంకరు రావాలి.

వచ్చిన కొత్తల్లో అతను బోటెక్కిన ప్రతిసారీ వాంతి చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి కొంచెం తెరిపిన పడ్డాడు. అంటే, ప్రతిసారీ కాకుండా గాలి ఉన్నప్పుడు మాత్రమే చేసుకునేవాడు. ఈత రాదు. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ఎస్సై రవిచంద్ర తిరుపతి కుర్రాడు. ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో చేరాడు. మంచివాడే. జాలర్లంటే అభిమానం, పనంటే పట్టుదల. అతన్ని ఒక్కటే బాధ పీడించేది. సముద్రంలో ఇంజను చెడిపోయినా, పడవలోకి నీళ్ళొచ్చినా జాలర్లు స్టేషనుకు ఫోన్ చేయరు. తామే ఏదో తంటాలు పడతారు. ఇంకెవరో చూసి చెప్పేసరికి చీకటి పడి ఉంటుంది. అందుకని అతను స్టేషనుకొక హెల్ప్‌లైను నంబరు పెట్టించి, ప్రతి పడవ మీదా దాన్ని పెయింటుతో రాయించాడు. ఫోన్ దగ్గర ప్రసన్నకుమారిని కూర్చోబెట్టాడు.

ప్రసన్నకుమారిది సూళ్ళూరుపేట. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఫోన్ వచ్చినప్పుడు ఏమేమి అడగాలో ఎస్సై ఆమెకు వరసగా నేర్పించాడు. ఎవరు, ఎందరు, ఎక్కడ, పడవ ఏ రంగు, జాకెట్లున్నాయా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా. ఒక్కటీ వదలకూడదన్నాడు. ఏదో ఒక రోజు తానే చెప్పాపెట్టకుండా ఉత్తుత్తి ఫోన్ ఒకటి చేయించి పరీక్ష పెడతానని కూడా అన్నాడు. "అది మాక్ డ్రిల్ అని నీకు అనుమానం వచ్చినా సరే, నిజమన్నట్టే చెయ్యాల" అని గట్టిగా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎప్పుడు పరీక్ష వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆషాఢ మాసంలో ఒక రోజు ఎస్సై కుప్పాల, అంటే జాలర్ల పల్లెల పర్యటన పెట్టుకున్నాడు. పొద్దున నల్లమేడు కుప్పం, మధ్యాహ్నం దానికి ఎగువనున్న ఇంకో కుప్పం. రోడ్డు మీద పోతే వాగు చుట్టి రావాలి కాబట్టి బోటులో పోదామన్నాడు. స్టేషను బోటు మరమ్మతుకు పోయి ఉంది. అద్దెకొక ఫైబర్ పడవ తెచ్చారు. నీలం రంగు పడవ, పై అంచున ఎర్ర గీత. నడిపేవాడు మాత్రం ఎప్పటి స్టేషను బోటు డ్రైవరు దొరస్వామే, తడ మనిషి.

నల్లమేడులో చర్చి ముందు షామియానా వేసి ఎస్సై బాగా మాట్లాడాడు. మునిగేటప్పుడు కాదు, ఇంజను ఆగినప్పుడే ఫోన్ చేయమన్నాడు. ఒడ్డు కనబడుతున్నప్పుడే, సిగ్నలు ఉన్నప్పుడే, వెలుతురు ఉన్నప్పుడే చేయమన్నాడు. అందులో నామోషీ ఏమీ లేదన్నాడు. కుప్పం పెద్ద మునిరామయ్య లేచి, మేము ఫోన్ చేసినాక ఇంజను మళ్ళా స్టార్టయితే తిట్టరా అని అడిగాడు. ఎస్సై నవ్వి, స్టార్టయిందని ఇంకో ఫోన్ చేస్తే సరిపోతుందనీ, ఊరికే వచ్చి పోయినందుకు ఎవరూ తిట్టరనీ చెప్పాడు. తర్వాత లైఫ్ జాకెట్లు పంచారు. తెచ్చినవాటి కంటే జనం ఎక్కువయ్యారు. ఫొటోలో ఖాళీగా నిలబడ్డవాళ్ళు బాగుండరని పోలీసులు తమ ఒంటి మీదివి కూడా విప్పి ఇచ్చేశారు. తన జాకెట్టు విప్పుతుంటే ధనంజయకు ప్రాణం ఒప్పలేదు. ఆ మాట బయటికి అనలేక తనే ఒక ముసలాయనకు తొడిగి బెల్టు బిగించాడు.

మధ్యాహ్నం భోంచేసి బయల్దేరారు. ఒడ్డు నుంచి బాగా లోపలికొచ్చి ఉత్తరం దిక్కుగా తిరిగాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

దొరస్వామి తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. మూత తీసి ఊదాడు. ప్లగ్గు విప్పి చొక్కాకు తుడిచాడు. పెట్రోల్లో నీళ్ళు కలిసినట్టున్నాయని చివరికి తేల్చి చెప్పాడు. లంగరు వేశాడు. అది అడుగున పట్టుకోకుండా జారుతూ వచ్చింది. తాడు పొట్టిదని అప్పుడు తెలిసింది. పడమటి గాలి వాళ్ళను మెల్లగా, ఏ తొందరా లేకుండా, సముద్రం లోపలికి తోస్తోంది.

ధనంజయ కాసేపు ఆగి, ప్రసన్నకు ఫోన్ చేద్దామా సార్ అన్నాడు.

ఎస్సై ఒడ్డు వైపు చూశాడు. చర్చి గోపురం ఇంకా తెల్లగా కనబడుతోంది. దాని ముందు షామియానా కూడా విప్పి ఉండరు.

"పొద్దున అంత మాట్లాడి, మధ్యాహ్నానికి మనమే ఫోన్ చేస్తే ఏమనుకుంటారప్పా? కొంచేపు చూద్దాం" అన్నాడు.

అలా కొంచెంసేపు చూశారు. ఈలోపు ఒక జాలరి పడవ దగ్గరగా వచ్చి, ఏమైందని చేతులతో అడిగింది. ఎస్సై ఏమీ లేదన్నట్టు చెయ్యూపి, పక్షుల్ని చూస్తున్నట్టు ఆకాశంలోకి తలెత్తాడు. పక్షులేమీ లేవు. పడవవాళ్ళు కూడా కాసేపు ఆకాశంలోకి చూసి, ఏమీ అర్థం కాక వెళ్ళిపోయారు. ధనంజయ ఆ పడవ వీపు వైపే చూస్తూ ఒకసారి, అది చుక్కయ్యాక ఇంకోసారి వాంతి చేసుకున్నాడు.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో అతను పై అధికారి మాట దాటలేదు. కానీ షామియానా ఇప్పుడు కనబడటం లేదు. గోపురం అగ్గిపెట్టెంత అయింది. ఫోన్‌లో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. పలమనేరులో భార్య భానుప్రియ, ఇంటర్ చదివే కూతురు గుర్తొచ్చారు. భార్య గుర్తురాగానే ఉపాయం కూడా తట్టింది.

"సార్, ఇంటికొక ఫోన్ చేసుకుంటాను" అన్నాడు.

ఎస్సై మనసు మెత్తబడింది. చేసుకోమన్నాడు. ధనంజయ ఆ మూలకు జరిగి హెల్ప్‌లైను నంబరు నొక్కాడు. పడవ చిన్నది. ఆ మూల నుంచి ఈ మూలకు గుసగుస కూడా వినబడుతుంది.

"ఏమే, అన్నం తింటివా?" అన్నాడు.

అవతల ప్రసన్నకుమారి ఉలిక్కిపడింది. అన్నా, నేను ప్రసన్ననూ, స్టేషను నంబరుకు చేసినావూ అంది.

"తెలుసే. నీకే చేసినాను. ఆ మొండి ఎద్దు మళ్ళా పండుకునిందే. ఎంత లేపినా లేస్తా లేదు."

ఇవతల ఎస్సై, మీకు సేద్యం కూడా ఉందా అన్నట్టు చూశాడు. ధనంజయ ఉందన్నట్టు తలూపాడు. ఇంతలో ప్రసన్నకుమారికి ఏదో వెలిగింది. ఎస్సై సార్ పక్కనే ఉన్నాడా అని గొంతు తగ్గించి అడిగింది.

"ఉండాడు, ఉండాడు. ముగ్గురమూ ఈడనే ఉండాము."

అంతే, ఆ పిల్ల గొంతు మారిపోయింది. నమస్కారం, తాటితోపుపాళెం మెరైన్ హెల్ప్‌లైను, దయచేసి మీ పేరు చెప్పండి అంది.

"మొగుని పేరు గూడా మర్సిపోతివా? ధనంజయని."

ఎక్కడున్నారని అడిగింది. పొద్దున పోయిన కుప్పంలో పని ముగించుకుని పైకి పోతూ దారిలో నిలబడిపోయామనీ, ఒడ్డుకేసి తిరిగి కూర్చుంటే ఎదురుగా తెల్ల గోపురం అగ్గిపెట్టెంత ఉందనీ, ఎడమ పక్క శ్రీహరికోట రాకెట్ల బిల్డింగు పుల్లలా కనిపిస్తోందనీ చెప్పాడు. ఊరు చూడని పెళ్ళానికి ఊరు వర్ణించి చెబుతున్నట్టే చెప్పాడు. దొరస్వామి ప్లగ్గు తుడవడం ఆపేసి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

లైఫ్ జాకెట్లు వేసుకున్నారా అని అడిగింది ప్రసన్నకుమారి.

"తొడుక్కునేదానికి ఒగటీ లేదు. అన్నీ పొద్దునే పంచేస్తిమి."

ఒంట్లో బాగాలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అంది. తనకే రెండుసార్లు వాంతులయ్యాయన్నాడు. తాగే నీళ్ళున్నాయా అంటే అర బాటిలుందన్నాడు. ఎస్సై కనుబొమలు దగ్గరికి రాసాగాయి. ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వచ్చింది. పడవ ఏ రంగు?

ధనంజయ పడవను పైనుంచి కిందికి చూశాడు.

"నీలం చీర" అన్నాడు. "ఎర్ర అంచు. సన్న అంచు."

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. అందరూ మధ్యలో కిందకి కూర్చోండి, ఎవరూ లేచి నిలబడొద్దు, ఫోన్ ఆపొద్దు, నేనే మళ్ళీ చేస్తాను అని చెప్పి, చివర్లో మాత్రం మామూలు గొంతుతో, "అన్నా, మాక్ డ్రిల్ బలే సేస్తా ఉండావు" అని పెట్టేసింది.

ధనంజయ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఇల్లాలు చానా విషయాలు అడుగుతుందే" అన్నాడు ఎస్సై.

"ఆషాఢం చీరల సేల్ కదా సార్" అన్నాడు ధనంజయ.

ఇక అక్కడి నుంచి అతని అవస్థ చెప్పనలవి కాదు. ఎస్సైకి నిజం చెబితే ఆజ్ఞ మీరినట్టు. చెప్పకపోతే అక్కడ ఆ పిల్ల ఇదంతా ఉత్తుత్తిదేననుకుని టీ తాగుతూ కూర్చుంటుంది. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎస్సై విసుగ్గా అటు తిరిగాడు.

"ఏమే, ఇది ఆట కాదే. నిజంగానే నీలం చీర" అన్నాడు ధనంజయ.

నిజమన్నట్టే చేస్తున్నాననీ, సార్ అట్లనే చేయమని చెప్పినాడనీ అంది ప్రసన్నకుమారి. ఆ మాటతో అతనికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నిజమన్నట్టు అంటే ఎంత నిజమన్నట్టు? పడవలు పంపేంతా, పంపినట్టు రాసుకునేంతా? అడుగుదామనుకునేసరికి మాట తెగిపోయింది.

గాలి పెరిగింది. ఒక అల పడవ పక్కను కొట్టి ముగ్గురినీ తడిపింది. దొరస్వామి బకెట్టుతో నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ తోడే మనిషి, మాట్లాడకుండా తోడుతున్నాడు. ధనంజయ అది గమనించాడు. ఎస్సై కూడా గమనించినట్టున్నాడు. అతను ఒడ్డు వైపు తిరిగి చూశాడు. గోపురం లేదు. సన్నటి గీతలాగా సరుగుడు చెట్లు మాత్రం ఉన్నాయి.

రవిచంద్ర ఫోన్ తీశాడు. మొహం తెల్లబోయి ఉంది, కుర్రమొహం.

"నాదే తప్పప్పా. ఆ పడవాళ్ళు అడిగినప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. ఇంతవరకూ ధనంజయ ఏ ఎస్సై నోటా వినని మాట అది. అయ్యో సార్ అన్నాడు.

ఎస్సై హెల్ప్‌లైను నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. నంబరు బిజీ. మళ్ళీ నొక్కాడు. బిజీ. ప్రాణం మీదికొచ్చి మనిషి ఫోన్ చేస్తే హెల్ప్‌లైను బిజీ రావడమేమిటని మండిపడ్డాడు. దీని మీద తనకే ఎవరైనా ఫిర్యాదు రాయాలన్నాడు. మూడోసారి కలిసింది.

"నమస్తే సార్" అంది ప్రసన్నకుమారి, ఫస్టు ర్యాంకు వచ్చిన పిల్లలాగా. "నీలం పడవ, ఎర్ర అంచు, ముగ్గురు మనుషులు, జాకెట్లు లేవు, ఒకరికి వాంతులు. ధనంజయన్న ఫోన్ పెట్టిన వెంటనే నల్లమేడు మునిరామయ్యకు చెప్పినాను సార్. రెండు పడవలు బయల్దేరి చానా సేపయింది. కోస్ట్ గార్డు 1554కు గూడా చెప్పినాను. వాళ్ళు లైన్లో ఉంటేనే మీకు బిజీ వచ్చింది. మీరు లేచి నిలబడొద్దు సార్."

ఎస్సై నిలబడే ఉన్నాడు. మెల్లగా కూర్చున్నాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ధనంజయను చాలాసేపు చూశాడు. ధనంజయ తల వంచుకుని బూట్లలోని నీళ్ళు చూసుకుంటున్నాడు. సస్పెన్షనా, మెమోనా అని లోలోపల బేరమాడుకుంటున్నాడు.

"సన్న అంచు" అన్నాడు ఎస్సై.

"అవును సార్."

ముందు దొరస్వామి నవ్వాడు. నోరు మూసుకుని ఆపుకోబోయి, బకెట్టు వదిలేసి నవ్వాడు. తర్వాత ఎస్సై. నవ్వితే పడవ ఊగుతోందని ధనంజయ మాత్రం అంచు గట్టిగా పట్టుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా కూర్చున్నాడు.

పడవలు రావడానికి ఇంకా కొంతసేపు పట్టింది. ముందు వినబడ్డాయి, తర్వాత కనబడ్డాయి. ముందు పడవలో మునిరామయ్య పొద్దున ఇచ్చిన నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. బెల్టులన్నీ సరిగ్గా బిగించుకుని ఉన్నాడు. ముగ్గురికీ తలా ఒక జాకెట్టు విసిరించాడు. తాడు కట్టించాడు. ఎస్సై ఏదో సర్ది చెప్పబోతే మునిరామయ్య వినిపించుకోలేదు.

"మంచి పని సేసినారయ్యా. ఎలుతురుండంగనే సెప్పినారు. పొద్దు గూకినాక సెప్పింటే ఈ గాలికి మిమ్మల్ని యాడని ఎతుకుతాం?" అన్నాడు. అందులో ఎగతాళి ఉందేమోనని ఎస్సై అతని మొహంలో వెతికాడు. దొరకలేదు.

మనుషులు దొరికారని కోస్ట్ గార్డుకు ఎస్సై తానే ఫోన్ చేసి చెప్పాడు. తిడతారేమోననుకున్నాడు. అవతలివాళ్ళు మంచిదండీ అని, ముగ్గురూ క్షేమమేనా అని రెండుసార్లు అడిగి పెట్టేశారు.

స్టేషను చేరేసరికి పొద్దు వాలుతోంది. ప్రసన్నకుమారి వరండాలో మెట్ల మీదే నిలబడి ఉంది. తడిసిన బట్టలతో ముగ్గురూ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే, వేషం కూడా ఎంత బాగా వేశారో అనుకుని మురిసిపోయింది.

"మాక్ డ్రిల్‌లో ఏమన్నా వదిలేసినానా సార్?" అంది.

రవిచంద్ర మెట్టు మీద ఆగాడు. అవును, అంతా డ్రిల్లే, నువ్వు పాసయ్యావు అని ఒక్క మాట అంటే సరిపోయేది. పరువూ నిలబడేది. వెనకాల ధనంజయ ఆ మాట కోసమే ఎదురుచూశాడు కూడా.

"మాక్ కాదమ్మా. నిజం" అన్నాడు ఎస్సై. "ఇంజను ఆగిపోయింది. నేనే ఫోన్ చేయొద్దన్నాను. ఈయన చేసినాడు. నువ్వు లేకపోయుంటే మేము ఇంకా ఆడనే ఉండేవాళ్ళం."

ఆ పిల్ల నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తర్వాత అక్కడే బెంచీ మీద కూర్చుంది. దొరస్వామి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. సగం నీళ్ళు యూనిఫాం మీదే పడ్డాయి. నిజమని తెలిసుంటే నాకు నోట మాట వచ్చేది కాదు సార్, అని ఆమె ఏడుపు గొంతుతో అంది. అయితే ఇకమీదట ఏది నిజమో ఏది డ్రిల్లో నీకు ఎప్పటికీ చెప్పనులే అన్నాడు ఎస్సై. అతను ధనంజయకు మెమో ఇవ్వలేదు. లోపలికి పోతూ పోతూ, ఈసారి ఎద్దు పండుకుంటే నాకే నేరుగా చెప్పు, నేనే ఫోన్ చేస్తానని మాత్రం అన్నాడు.

స్నానం చేసి, రెండు ముద్దలు తిన్నాక, ధనంజయ నిజంగానే ఇంటికి ఫోన్ చేశాడు. భానుప్రియకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్క మాటా అనకుండా విన్నది. జాకెట్టు ఇచ్చేశాననే దగ్గర ఊపిరి పీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. ఏడుస్తోందేమోనని అతను గాభరా పడ్డాడు.

"ఇంతకీ నువ్వు ఏమే అని పిలిచిన ఆ పిల్ల ఎవురు?" అంది భానుప్రియ.

అతను వివరించాడు. మొదటిసారి చాలలేదు, ఇంకోసారి వివరించాడు. చివరికి ఆమె ఆ నంబరేదో తనకివ్వమంది. హెల్ప్‌లైను నంబరు సొంత పనులకు వాడకూడదని అతను చెప్పబోయి, తానేం చేశాడో గుర్తొచ్చి, ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ధనంజయకు ఈనాటికీ తెలియదు. ప్రసన్నకుమారి ఒకసారి నవ్విందనీ, ఒకసారి కళ్ళు తుడుచుకుందనీ దొరస్వామి వచ్చి చెప్పాడు. కానీ ఆ రోజు నుంచి బోటు తీసే ముందు ఆ పిల్ల ఒడ్డు దాకా నడిచొస్తుంది. వదిన అడగమన్నదని చెప్పి, వాంతుల మాత్ర వేసుకున్నాడో లేదో నోరు తెరిపించి మరీ చూస్తుంది. ఎస్సై అప్పటికి బోటులో కూర్చుని, చేతిగడియారం చూసుకుంటూ, తొందరపెట్టకుండా ఆగుతాడు.